మా ఊరి మొదటి ఇంటి నీరటి

నీరటి తాత చనిపోయిన సంగతి నాకు ఫోనులో తెలిసింది. జగిత్యాలలో మా కాలేజీ లైబ్రరీలో కూర్చుని ఉన్నాను. మా ఊరి వాట్సాప్ గ్రూపులో, రేపు పొద్దున కరెంటు ఉండదన్న కబురుకూ కొత్తగా తెరిచిన బిర్యానీ సెంటరు ప్రకటనకూ మధ్య ఒకే ఒక్క వాక్యం వచ్చింది. "నీరటి ముసలాయన పోయిండు." దాని కింద దండం పెట్టే బొమ్మలు వరుసగా పడ్డాయి. దండం పెట్టిన వాళ్లలోనే ఒకడు, మరుక్షణం, బిర్యానీ సెంటరు బస్టాండుకు ఏ దిక్కున ఉందని అడిగాడు.

నీరటి అంటే ఇప్పటి వాళ్లకు చెప్పాలి. చెరువు తూము ఎత్తి, ఏ పొలానికి ఎప్పుడు ఎన్ని నీళ్లు పోవాలో చూసే మనిషి. మా ఊళ్లో ఆ పని తరతరాలుగా ఒక ఇంటిది. ఇంటింటికీ బోరు మోటార్లు వచ్చాక, చెరువుకు కాలువ నీళ్లు వచ్చాక, ఆ పని ఉన్నట్టూ లేనట్టూ అయింది. వరి కోసి నూర్చే కల్లాల్లో నీరటికి కొన్ని గింజలు పెట్టడం ఆనవాయితీ. హార్వెస్టర్ వచ్చి వడ్లను నేరుగా ట్రాక్టర్‌లో పోస్తుంటే కల్లమే లేదు. కల్లం లేనప్పుడు నీరటి ఎక్కడ నిలబడాలి? ఆ ప్రశ్న మా ఊళ్లో ఎవరికీ రాలేదు. తాత మాత్రం రోజూ పొద్దున్నే వెదురు కట్టె పట్టుకుని కట్ట మీదికి పోయేవాడు.

"ఎందుకు తాతా, ఎవలు పొమ్మన్నరు నిన్ను?" అని ఒకసారి అడిగాను.

"తూముకు తెల్వది గద బిడ్డా, నన్ను తీసేసిండ్రని" అన్నాడు.

నేను ఆయన దగ్గరికి పోవడం మొదలుపెట్టింది మాటల కోసం. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక నాకు మాటల పిచ్చి పట్టింది. ఒక నోటుబుక్కు పెట్టుకుని, పుస్తకాల్లో లేని మాట వినపడితే రాసుకునేదాన్ని. వడ్లు ఆరబోసిన రోడ్ల మీద, బీడీలు చుట్టే అరుగుల మీద, పసుపు ఉడికించే పొయ్యిల దగ్గర తిరిగాను. అందరూ నన్ను చివరికి ఆయన దగ్గరికే పంపారు. "గా నీరటోన్ని అడుగు, వానికి అన్ని ఎర్కనే" అన్నారు. తెలిసినవాణ్ని కూడా 'వాడు' అనడం మా ఊళ్లో తప్పు కాదు, ఆ మనిషి ఊరవతలి వాడకు చెందినవాడైతే.

ఆయనకు మా ఊరు మొత్తం ఒక వరుసలో తెలుసు. వీధుల వరుస కాదు, వచ్చిన వరుస. ఏ ఇల్లు ఎన్నోది, ఏ కుటుంబం ఎవరి తర్వాత ఈ నేల మీదికి వచ్చింది అన్నది వేళ్ల మీద చెప్పేవాడు. మనుషులను పిలవడం కూడా అలాగే. బజారులో ఎరువుల దుకాణం ముందు పెద్ద రైతు కనిపిస్తే, "ఏం పదకొండో ఇల్లు, పొలం తడిసిందా?" అనేవాడు. ఆ రైతు నవ్వేవాడు, కోపం తెచ్చుకోలేక. నన్ను మొదటిసారి చూసినప్పుడు మా నాన్న పేరు అడగలేదు.

"మీది సాలోళ్ల ఇల్లు గద. నలభైమూడో ఇల్లు" అన్నాడు.

"గంత ఎనుకనా తాతా?"

"మరి? మొదలు నీళ్లు. నీళ్ల ఎనుక కల్లు. కల్లు ఎనుక బువ్వ. బట్ట ఆఖరుకు యాదికచ్చింది మనోళ్లకు" అని పళ్లు లేని నోటితో పకపకా నవ్వాడు.

మా తాతలు సిరిసిల్ల వైపు నుంచి మగ్గం మోసుకుని వచ్చారని మాత్రమే మాకు తెలుసు. ఎవరి తర్వాత వచ్చారో, ఎవరు చోటిచ్చారో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయన చెప్పాడు.

మా ఊరు ముందు ఇక్కడ లేదు. వాగు అవతలి గడ్డ మీద ఉండేది. ఇప్పటికీ అక్కడ దున్నితే పెంకులు తేలతాయి. గత్తర, అంటే కలరా, లేచి, పాడె మోసేవాళ్లు కూడా మిగలక, బతికినవాళ్లు ఆ గడ్డను వదిలేద్దామనుకున్నారు. కానీ ఎటు పోవాలి? అప్పుడు ఆయన తాతకు తాత ఒక్కడే వాగు దాటాడు. మండు వేసవి. రోజూ తెల్లవారుజామున నేలను మణికట్టు లోతు తవ్వి, అరచేయి పెట్టి చూసేవాడట. చల్లగా తగిలిన చోటల్లా ఒక రాయి పెట్టుకుంటూ పోయాడు. రాళ్లన్నీ ఒక వరుసలో కలిసిన చోట చెలమ తవ్వి, గుడిసె వేసుకుని, ఎండాకాలమంతా ఒంటరిగా ఉండి, నీళ్లు ఎండిపోలేదని తేలాక వెనక్కి పోయి చెప్పాడు. "రాండ్రి. బతుకచ్చు."

ముందు ఈతచెట్లు చూసి గౌండ్లోళ్లు వచ్చారు. తర్వాత కాపులు, కుమ్మరి, వడ్రంగి, మంగలి, చివరికి మేము. ఊరు నిలబడ్డాక మధ్యలో బొడ్రాయి నాటారు. ఊరికి బొడ్డు లాంటి రాయి అది. ఆ రోజు ఊరి పెద్దలు ఆయన పూర్వీకుడికి ఒక మాట ఇచ్చారు. ఈ ఊళ్లో ఎప్పుడు బొడ్రాయి నాటినా, ఆ రాయి మీద మొదటి బిందె నీళ్లు నీరటి ఇంటివాళ్లే పోయాలి. మాట ఇచ్చి, ఆయన గుడిసెను మాత్రం ఊరవతలికి, కట్ట దిగువకు జరిపించారు. నీళ్లు చూపించినవాడు ఊరి బయట, తాగినవాళ్లు ఊరి లోపల. తాత ఈ సంగతి చెప్పేటప్పుడు గొంతు పెంచలేదు. నేను రాసుకుంటుంటే, "గది కూడ రాస్తున్నవా? రాయి రాయి" అన్నాడు.

ఆయన అలవాట్లు కొన్ని నాకు మొదట అర్థం కాలేదు. హోటల్లో చాయ తాగడానికి చొక్కా జేబులో సొంత గ్లాసు తెచ్చుకునేవాడు. ఇప్పుడు అక్కడ అందరికీ కాగితపు కప్పులే. అడిగితే, "మాకు వేరే గ్లాసు పెట్టుడు వాళ్లు మానిండ్రు బిడ్డా. నాకే మానబుద్ధి గాలే. వాళ్లు మర్చిపోవద్దని" అన్నాడు. నీళ్ల విషయంలో ఆయనకు ఒకే న్యాయం. "ఎండిన మడి ముందుగాల, ఏడ్సిన పటేలు ఎనుక" అనేవాడు. ఒక వేసవిలో చెరువు అడుగంటినప్పుడు, కట్ట మీద పెద్ద రైతులు అరుస్తుంటే, వాళ్లను దాటుకుని పోయి ఒక ముసలమ్మ అర ఎకరానికి మడవ తెరిచాడట. మడవ అంటే పొలం గట్టుకు నీళ్ల కోసం చేసే గండి. "పారతో కొడ్తమన్నరు. కొట్టుండ్రి, కొట్టేలోపట తడుస్తది అన్న" అని ఆ రోజును తలుచుకునేవాడు. ఊరి చివర కొత్తగా వెలిసిన వెంచర్ ప్లాట్ల మీద కట్టిన ఇళ్లను "నంబరు లేని ఇండ్లు" అనేవాడు. ఆ వెంచర్ కింద పాత పంటకాలువ ఒకటి ఉందని, పెద్దవాన వస్తే నీళ్లు తమ దారి వెతుక్కుంటాయని చెప్పేవాడు. ఎవరూ వినలేదు. కిందటి వానాకాలం ఆ ఇళ్ల హాళ్లలోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. అప్పుడు కూడా వాళ్లు ఆయనను పిలవలేదు, మోటారు తెచ్చి తోడుకున్నారు.

ఇక బొడ్రాయి సంగతి. చేదుగా ఉన్నా చెప్పాలి, ఎందుకంటే అందులో నా చేయి ఉంది.

మా ఊరు ఇప్పుడు మండల కేంద్రం. రైసు మిల్లులు, రెండు ఫంక్షన్ హాళ్లు, కోరుట్లకూ సిరిసిల్లకూ బస్సులు. పాత బొడ్రాయి సిమెంటు రోడ్డు కింద సగం కూరుకుపోయింది. ఊరికి ఏదో కలిసి రావడం లేదని, మళ్లీ ఘనంగా ప్రతిష్ఠించాలని కమిటీ వేశారు. మిల్లు యజమాని ఒకాయన అధ్యక్షుడు. తాత కొడుకు ఆ మిల్లులోనే హమాలీ. ఊరి చరిత్ర రాసి, నల్ల రాతి పలక మీద చెక్కించి, ఆ రోజు మైకులో చదవాలని నిర్ణయించారు. రాసే పని నాకు అప్పగించారు. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. తాత దగ్గర విన్నదంతా ఆరు పేజీలు రాశాను.

అధ్యక్షుడు మిల్లు ఆఫీసులో కూర్చుని చదివాడు. "మంచిగ రాసినవ్ బిడ్డా. కని గీ మొదటి ఇల్లు ముచ్చట తియ్యి."

"నిజమే గద పెదనాయినా. ఆయన చెప్పిండు."

"నిజమైతె ఏంది? రాయి మీద ఎక్కినంక మంది అడుగుతరు. లొల్లి ఎందుకు? అందరు కలిసి అచ్చిండ్రని రాయి. ఎవలకు బాధ ఉండది."

నేను వాదించలేదు. ఇంటికి వచ్చి కూర్చుని, ఆ ఆరు పేజీలను ఒక్క వాక్యం చేశాను. 'అన్ని వర్గాల ప్రజలు సమష్టిగా తరలివచ్చి ఈ గ్రామాన్ని నిర్మించుకున్నారు.' నిజం చెప్పాలి, 'సమష్టిగా' అన్న మాట దొరికినప్పుడు సంతోషపడ్డాను. ఎంత గంభీరంగా ఉందో అనుకున్నాను. ఒక మనిషి ఒంటరిగా గడిపిన ఎండాకాలాన్ని నాలుగు అక్షరాల కింద పూడ్చిపెట్టానని అప్పుడు తోచలేదు.

తాతకు ఆ పలక సంగతి తెలియదు. ఆయన ఎదురుచూపంతా మొదటి బిందె కోసం. ఇంతకుముందు బొడ్రాయి నాటినప్పుడు ఆయన తండ్రి పోశాడట, అప్పుడు తాత పసివాడు. తన చేతులతో ఒకసారి పోసి పోవాలని ఆయన కోరిక. అవ్వ, అంటే ఆయన భార్య, ఇత్తడి బిందెను చింతపండుతో వారం రోజులు తోమింది.

ప్రతిష్ఠ రోజున ఊరిని కట్టేస్తారు. పూజ పూర్తయ్యేదాకా పొలిమేర లోపలివాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. దారులన్నిటికీ అడ్డంగా కట్టెలు, ముళ్లకంప పెడతారు. పొలిమేర ఎక్కడుందో మా ఊళ్లో చూడకుండా చెప్పగలిగినవాడు తాత ఒక్కడే. ఆయనను ఎవరూ అడగలేదు. కుర్రాళ్లు ఫోనులో మ్యాపు చూసి, నీడ ఉంటుందని, పెట్రోలు బంకు దగ్గర బైపాస్ మీద కట్టె అడ్డం పెట్టారు. అసలు పొలిమేర రాయి అక్కడికి చాలా దూరం, చెరువు కట్ట దాటాక ఉంది.

ఆనవాయితీ ప్రకారం తాత తెల్లవారగానే పోయి, పొలిమేర రాయిని కడిగి, పసుపు రాసి, తూము దగ్గర బిందె నింపుకుని భుజాన పెట్టుకుని వచ్చాడు. కట్టె అడ్డం ఉంది.

ఆ తర్వాత జరిగింది అక్కడున్నవాళ్లు నాకు నవ్వుతూ చెప్పారు.

"తాతా, కట్టడి అయ్యింది. లోపలికి రానియ్యద్దన్నరు."

"నేను బయట ఎప్పుడున్న బిడ్డా? పొలిమేర గాడున్నది. నేను నిలవడ్డది ఊర్లనే."

"మ్యాపుల ఊరు గీడి దాకనే ఉన్నది తాతా."

"మ్యాపు ఎన్నో ఇల్లు బిడ్డా?"

కుర్రాళ్లు బాగా నవ్వారట. తర్వాత అధ్యక్షుడికి ఫోను చేశారు. ఒకసారి తీస్తే కట్టు తెగుతుందని, ఊరికి అరిష్టమని, పూజ అయ్యేదాకా ముసలాయనను కూర్చోబెట్టమని చెప్పాడు. పొలిమేర ఎరిగిన ఒకే ఒక్క మనిషిని పొలిమేర లోపలే ఊరి బయట కూర్చోబెట్టారు. బంకు గోడ నీడలో, నిండు బిందె పక్కన పెట్టుకుని, పొద్దు తిరిగేదాకా కూర్చున్నాడు. కొడుకు లోపల భోజనాల దగ్గర అన్నం గంపలు మోస్తున్నాడు. అతనికి కబురు అందింది. "పోనీ తియ్యి, ఎందుకు లొల్లి" అన్నాడు. మిల్లులో పని చేసేవాడు అంతకంటే ఏమంటాడు?

మొదటి బిందె అధ్యక్షుడి చేతుల మీదుగా పడింది. డప్పులు మోగాయి. ఊరి ఆడబిడ్డలంతా కొత్త చీరల్లో బిందెలతో వరుసలో నిలబడ్డారు. నేను మైకు ముందు నిలబడి, గొంతు సవరించుకుని, ఊరి చరిత్ర చదివాను. మైకు పెద్దది. బైపాస్ దాకా వినిపించింది.

సాయంత్రం కట్టె తీశాక ఆయన ఇంటికి పరిగెత్తాను. గుమ్మంలో కూర్చుని కాళ్లు ఒత్తుకుంటున్నాడు. బిందె నీళ్లు అప్పటికే అవ్వ బర్రెకు పెట్టింది.

"మైకుల మంచిగ సదివినవ్ బిడ్డా. బువ్వ తిన్నవా?" అన్నాడు. నేను పక్కన గడప మీద కూర్చున్నాను. కాసేపటికి ఆయనే అడిగాడు. "సమష్టిగా అంటె ఏంది?"

"అందరు కలిసి అని తాతా."

ఆయన వేళ్లు ఒక్కొక్కటే మడిచి చూసుకున్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే లెక్క తేలక ఆలోచిస్తున్నట్టు ముఖం పెట్టాడు.

"అందరు కలిసే అస్తె, మరి ముందుగాల నీళ్లు ఎవలు చూసిండ్రు?"

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మరునాడు పొద్దున్నే కట్టె పట్టుకుని కట్ట మీదికి పోయాడని అవ్వ చెప్పింది.

యాసంగి వరి పొట్టకు వచ్చిన రోజుల్లో ఆయన పోయాడు. మధ్యాహ్నం అన్నం తిని ఒరిగాడు, మళ్లీ లేవలేదు. నేను జగిత్యాల నుంచి వచ్చేసరికి వాడ మొదట్లో ఫ్లెక్సీ కట్టి ఉంది. దాని మీద కమిటీ వాళ్ల ఫోటోలు పెద్దవిగా, ఆయన ఫోటో చిన్నదిగా, 'మన ఊరి పెద్దదిక్కు' అన్న అక్షరాలు బంగారు రంగులో. బతికుండగా ఒక కట్టెకు అటువైపు కూర్చోబెట్టిన దిక్కు.

మూడో రోజు పిట్టకు పెట్టారు. పూడ్చిన బొంద దగ్గర విస్తరిలో చనిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాడికి ఏదో రంది, తీరని దిగులు, మిగిలిందని అర్థం. అప్పుడు ఒక్కొక్కరే ఆ రంది ఏమిటో ఊహించి, తీరుస్తామని పైకి మాట ఇవ్వాలి. అవ్వ అన్నం, ఎండు చేపలు, జొన్నరొట్టె, కల్లు, ఒక బీడీకట్ట పెట్టింది. తుమ్మచెట్టు మీద కాకి ఉంది. దిగలేదు.

కొడుకు ముందుకు వచ్చాడు. "అయ్యా, అవ్వను మంచిగ చూసుకుంట. ముట్టే." కాకి కదలలేదు.

"నా రంది గాదురా ఆయనకు" అంది అవ్వ.

నేను కూడా చెప్పాను. "తాతా, నేను రాసింది తప్పు. మల్ల రాస్త. మొదటి ఇల్లు మీదే అని రాస్త." కాకి ముక్కును కొమ్మకు రుద్దుకుంది. ఎండ ఎక్కుతోంది. చుట్టాలు గొణుక్కుంటున్నారు.

అధ్యక్షుడు కూడా వచ్చాడు, పండ్ల సంచితో. ఒకతను ఫోటో తీశాడు కూడా. మిల్లు దగ్గర లారీ నిలబడి ఉందని అధ్యక్షుడు మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. అవ్వ ఆయన వైపు తిరిగింది.

"పటేలా, నువ్వొక మాట జెప్పు. నీ మాట ఇంటడు."

ఆయన నవ్వి, చెట్టు వైపు చూసి, సభలో మాట్లాడినట్టు గట్టిగా అన్నాడు. "ఓ నీరటీ! మల్ల బొడ్రాయి ఏస్తె మొదటి బిందె మీ ఇంటోళ్లదే. రాయి మీద మీ పేరు చెక్కిపిస్త. నా మాట. ఇగ ముట్టు."

కాకి దిగింది.

ఆ తర్వాత రెండుసార్లు మిల్లుకు పోయి అడిగాను. రెండోసారి ఆయన విసుక్కోలేదు, నెమ్మదిగానే చెప్పాడు. "గది కాకిని పిలిచేటందుకు అన్న ముచ్చట బిడ్డా." నల్ల రాతి పలక మీద నా వాక్యం అలాగే ఉంది. వాన పడితే మరింత మెరుస్తుంది. ఈ నాలుగు పేజీలు ఎవరి చేతికి పోతాయో తెలియదు. చదివినవాళ్లకైనా చెబుతున్నాను. మేమందరం కలిసి రాలేదు. ఒకాయన ముందు వచ్చాడు. మేం తర్వాత వచ్చాం.

కానీ ఆ రోజు అవ్వకు ఇవేవీ తెలియవు. కాకి విస్తరి చుట్టూ ఒకసారి తిరిగి, రొట్టెను వదిలి, ఎండు చేపను ముక్కున పట్టుకుంది. చుట్టాలందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. "ముట్టిండు, ముట్టిండు" అన్నారు. అవ్వ మూడు రోజుల్లో మొదటిసారి నవ్వింది. అన్నం మెతుకులు అంటుకున్న చేతులు కొంగుకు తుడుచుకోవడం కూడా మరిచి, బైకు ఎక్కుతున్న అధ్యక్షుడి వైపు తిరిగి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. బైకు మలుపు తిరిగి కనబడకుండా పోయాక కూడా ఆ చేతులు దించలేదు.